మహారాజశ్రీ సెల్లార్ గారికి

విజయవాడ గవర్నరుపేట నుంచి ఒక స్కూటర్ ఆసామి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నేను రోడ్డు మీద క్షేమం. మీరు నేల కింద బట్టల కొట్టుగా క్షేమంగా ఉన్నారని కళ్లారా చూసి సంతోషించాను.

మొన్న మా ఆవిడతో బీసెంట్ రోడ్డు పక్క సందులో చీరల కొట్టుకి వచ్చాను. బండి ఎక్కడ పెట్టాలని అడిగితే వాచ్‌మన్ రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "సెల్లార్ ఉంది కదా బాబూ?" అంటే, "ఉందండీ, డిస్కౌంట్ సెక్షన్ అక్కడే" అన్నాడు. మెట్లు దిగి మిమ్మల్ని దర్శించుకున్నాను. కార్లు నిలవాల్సిన చోట జరీ చీరలు కట్టుకుని బొమ్మలు నిలబడి ఉన్నాయి. పైకొచ్చేసరికి నా బండి లేదు. రోడ్డుకి అడ్డం పెట్టానని ఎత్తుకెళ్లారట. జరిమానా నేను కట్టాను. మీరు ప్లాన్‌లో ఇప్పటికీ పార్కింగే!

మీలో జిరాక్స్ షాపులు చూశాను, టిఫిన్ సెంటర్లు చూశాను. గట్టి వాన పడితే నీళ్లతో నిండటం కూడా చూశాను. కార్లతో నిండటం మాత్రం ఇంకా చూడలేదు.

అయినా ఈ ఊరి ఎత్తు తేల్చేది మీరే. బీసెంట్ రోడ్డులో 150 గజాల పాత కొట్టు పడగొట్టి పెద్దది కట్టాలంటే పార్కింగ్ చూపించాలి. కార్లు దిగే ర్యాంపు వాలు 8కి 1. అంటే మీ దగ్గరికి 3 మీటర్లు దిగడానికి 24 మీటర్ల ర్యాంపు కావాలి. ఆ స్థలంలో ర్యాంపు ఒక్కటే కట్టుకుని సాయంత్రాలు దాని మీద షికారు చెయ్యాలి. అందుకే ఆ కొట్లు రెండు మూడు అంతస్తుల దగ్గరే ఆగిపోయాయి.

స్థలం కాస్త పెద్దదైతే స్టిల్ట్ మీద, అంటే బండ్ల కోసం స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తు మీద, ఐదంతస్తులు. ఇంకా పైకి వెళ్తే హైరైజ్, అంటే ఎత్తైన భవనం లెక్క. చుట్టూ ఇంకా ఖాళీ వదలాలి, అగ్నిమాపక శాఖ నుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఫైర్ ఎన్‌వోసీ, తేవాలి. ఆ టెన్షన్ ఎవరికి కావాలి? ఇంద్రకీలాద్రి మీంచి చూస్తే ఊళ్లో సగం ఒకే మంగలి దగ్గర క్రాపు చేయించుకున్నట్టుంటుంది. ఆ క్రాపు మీద పిలకలా మీ అన్నగారు, పెంట్‌హౌస్. ఆయన ప్లాన్‌లో లేరు, బిల్డింగ్ మీద ఉన్నారు. మీరు ప్లాన్‌లో ఉన్నారు, బిల్డింగ్ కింద లేరు. ఆయన బెంగ పడక్కర్లేదు. ప్లాన్‌లో లేని కట్టడాన్ని జరిమానా కట్టించుకుని సక్రమం చేసే బీపీఎస్ పథకం 2007లో వచ్చింది, మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

ఒక చిన్న మనవి. మీ చివరి స్తంభం పక్కన, నైటీల స్టాండ్ కింద, పసుపు గీత ఒకటి ఇంకా మిగిలే ఉంది. తనిఖీ రోజున వేసినదై ఉంటుంది. ఆ స్టాండ్ కాస్త జరిపిస్తే నా స్కూటర్ సరిగ్గా పడుతుంది. ఆదివారం జాకెట్టు ముక్క మార్చుకోవడానికి మళ్లీ వస్తున్నాం.