అక్షరాలు కలపలేకపోతే మాటలు రానట్టేనా?

బడిలో ఆరు ఇంగ్లిష్ అక్షరాలు బోర్డు మీద రాసి, వాటన్నిటినీ కలిపితే వచ్చే పదం నిమిషంలో చెప్పమన్నారట. ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టీ. మా అమ్మాయి చెప్పలేకపోయింది. తర్వాత వచ్చిన రిపోర్టులో ‘పదసంపద పెంచుకోవాలి’ అని ఒక లైను రాశారు. ఆ కాగితం నా చేతిలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి కూర్చుంది. ఇంతకీ వాళ్లు అడిగిన పదం ‘సైలెంట్’. ఆ మాట తనకు తెలియకపోవడమేమిటి? క్లాసులో రోజూ వినేదే. అర్థం తెలుసు, స్పెల్లింగ్ తెలుసు, వాక్యంలో వాడటం తెలుసు. చెదిరిపోయిన ఆరు అక్షరాల్లో దాన్ని పోల్చుకోవడమే ఆ నిమిషంలో కుదరలేదు.

మాట తెలియడం ఒక విద్య. చెల్లాచెదురైన అక్షరాల్లో మాటను పట్టుకోవడం ఇంకో విద్య. ఈ రెండింటినీ ఒకటే అనుకుని పిల్లల మీద తీర్పులు చెప్పేస్తున్నాం. ఫోన్లో వర్డ్ గేమ్ ఆడుతూ ఓడిపోయిన పెద్దవాళ్లు కూడా ‘నాకు ఇంగ్లిష్ రాదులే’ అని తమను తామే తక్కువ చేసుకుంటున్నారు. ఇది తప్పు అని గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఆరు వేర్వేరు అక్షరాలను 720 రకాలుగా పేర్చవచ్చు. ఏడయితే 5,040 రకాలు, ఎనిమిదయితే 40,320. అక్షరాల బిళ్లలతో పదాలు కూర్చే స్క్రాబుల్ ఆట ఆడేవాళ్ల ముందు ఏడు బిళ్లలుంటాయి. అన్నీ వాడి తీరాలని లేదు కాబట్టి రెండక్షరాల నుంచి ఏడక్షరాల దాకా వచ్చే వరసలన్నీ లెక్కేసుకోవాలి. ఏడూ వేర్వేరు అక్షరాలయితే అవి 13,692 అవుతాయి. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించేంత ఓపిక ఎవరి బుర్రకూ ఉండదు. బుర్ర అడ్డదారి వెతుక్కుంటుంది. ఏ అక్షరం పక్కన ఏది వస్తుంది, ఏది మాట చివర కూర్చుంటుంది, ఏ రెండూ ఎప్పుడూ కలవవు అనే అలవాటు మీద నడుస్తుంది. ఎన్నో పేజీలు చదివిన కళ్లకు పట్టే అలవాటు అది.

మేజ్నర్, ట్రెసెల్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1958లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్నే పరిశీలించింది. పదం దొరకడానికి పట్టే సమయం రెండు విషయాల మీద ఆధారపడుతుందని వాళ్లు చూపించారు. ఆ పదం ఎంత వాడుకలో ఉంది అన్నది ఒకటి. అక్షరాలను ఏ వరసలో కలిపి ఇచ్చారు అన్నది రెండోది. నాకు ముఖ్యంగా కనిపించేది ఈ రెండోదే. పదం అదే, ఆడే మనిషీ అదే. కలిపిన తీరు మారితే ఒకసారి వెంటనే దొరుకుతుంది, ఇంకోసారి ఎంతకీ దొరకదు. ఇది పదసంపదకు పరీక్షే అయితే అక్షరాలు ఏ వరసలో ఇచ్చినా ఒకటే కావాలి కదా! మొదటి విషయాన్ని నేను కాదనను. ఎప్పుడూ చూడని పదాన్ని పట్టుకోవడం చాలా కష్టం. కానీ తెలిసిన పదమైనంత మాత్రాన అది కంటికి కనిపిస్తుందని హామీ లేదు.

ఇంకా బలమైన సాక్ష్యం నైజెల్ రిచర్డ్స్. న్యూజిలాండ్‌కు చెందిన ఈయన ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో ఎన్నోసార్లు ప్రపంచ విజేత. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీకి వెళ్లి గెలిచాడు. ఫ్రెంచి మాట్లాడటం ఆయనకు రాదు. కొన్ని వారాలపాటు ఫ్రెంచి పదాల పట్టికను కంఠస్థం చేసి వెళ్లాడు, అంతే. 2024లో స్పానిష్‌లోనూ అలాగే గెలిచాడు. పదసంపద అంటే అర్థం తెలిసి, సందర్భానికి తగినట్టు మాట వాడగలగడం అనుకుంటే, ఫ్రెంచిలో ఆయన సంపద దాదాపు సున్నా. అయినా ఆ భాషలోనే పుట్టి పెరిగిన ఆటగాళ్లు ఆయన ముందు ఓడిపోయారు. ఆయన జ్ఞాపకశక్తికి ఎంత ఆశ్చర్యపోయినా తక్కువే. ఆయన గెలిచింది మాత్రం అక్షరాల వరసల మీద.

పదాలు వెతికిపెట్టే సైట్లూ యాప్‌లూ పనిచేసే తీరు చూసినా సంగతి తెలిసిపోతుంది. కంప్యూటర్ 720 వరసలూ తిప్పిచూస్తుందని చాలామంది అనుకుంటారు. అంత శ్రమ అక్కర్లేదు. డిక్షనరీలోని ప్రతి పదంలోని అక్షరాలనూ ముందే ఆల్ఫాబెటికల్ వరసలో పేర్చి పెట్టుకుంటే చాలు. ‘లిజన్’ అక్షరాలను అలా పేరిస్తే ఈ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టీ వస్తుంది. ‘సైలెంట్’ని పేర్చినా అదే. ‘ఎన్‌లిస్ట్’, ‘టిన్సెల్’, ‘ఇన్‌లెట్స్’ కూడా ఆ గూటికే చేరతాయి. మనం ఇచ్చిన చిందరవందర అక్షరాలను ఒక్కసారి వరసలో పెట్టి ఆ గూడు తెరిస్తే అయిదు పదాలూ ఒకేసారి బయటపడతాయి. చిన్న పదాలు కూడా కావాలంటే కొన్ని అక్షరాలు తీసేసి మిగిలినవాటితో ఇదే పని చేయాలి. ఇంకో అందమైన పద్ధతి ఉంది. ఏకి 2, బీకి 3, సీకి 5 అంటూ ఒక్కో అక్షరానికి ఒక ప్రధాన సంఖ్య ఇచ్చి, పదంలోని అంకెలన్నీ గుణిస్తారు. ఒకే అక్షరాలున్న పదాలకే ఒకే లబ్ధం వస్తుంది, మరి దేనికీ రాదు. బడిలో చదివిన ప్రధాన కారణాంకాలకు ఇంత చక్కని ఉపయోగం ఉందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. ఈ పద్ధతుల్లో దేనికీ ‘సైలెంట్’ అంటే నిశ్శబ్దం అని తెలియాల్సిన అవసరం లేదు.

అన్నట్టు, ఆ అక్షరాల్లో అయిదు సరైన జవాబులున్నాయని ఇప్పుడే చూశాం. బోర్డు మీద ప్రశ్న రాసినవాళ్లు ఒక్కదానికే సిద్ధపడి వచ్చారు.

మన పిల్లల విషయంలో ఇంకో కష్టం కూడా ఉంది. తెలుగులో అక్షరం అంటే ఒక శబ్దం. దాన్ని ఎక్కడ పెట్టినా అదే పలుకుతుంది. ‘గడప’ను తిరగేస్తే ‘పడగ’. ‘కలప’ను తిరగేస్తే ‘పలక’. గ గానే ఉంది, ప గానే ఉంది. పెదవులతో అనుకుంటూ పోతే మాట దానంతట అదే తగులుతుంది. పైగా మూడక్షరాలకు ఉన్నవి ఆరు వరసలే. ఇంగ్లిష్‌లో అలా కాదు. ‘లిజన్’లో టీ ఉంది కానీ పలకదు. ‘సైలెంట్’లోకి వచ్చేసరికి స్పష్టంగా పలుకుతుంది. అదే ఐ ఒకచోట ‘ఇ’, ఇంకోచోట ‘ఐ’. జాగా మారితే శబ్దమే మారిపోతుంది కాబట్టి అక్కడ చెవి సాయం రాదు, కన్నే పని చేయాలి. శబ్దాన్ని నమ్ముకుని అక్షరాలు నేర్చుకున్న పిల్లలు ఈ ఆటలో మొదట్లో తడబడటం సహజం. దాన్ని లోపం అనకూడదు.

మాట తెలుగు వైపు మళ్లింది కాబట్టి ఒక కోరిక కూడా చెబుతాను. తెలుగులో ఇలాంటి ఆటలు తయారుచేసేవాళ్లు ఇంగ్లిష్ ఆట లోపలి యంత్రాన్ని అలాగే తెచ్చి పెట్టకూడదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపెట్టుకునే యూనికోడ్‌లో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వీటిని విడగొట్టి కలిపేస్తే గుడి ఒకచోట, పొల్లు ఒకచోట గాలిలో వేలాడతాయి. పూర్తి అక్షరాన్ని కదలనివ్వాలి. గడినుడి, అంటే తెలుగు క్రాస్‌వర్డ్, కూర్చేవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆధారంలో ‘తడబడిన’, ‘చెదిరిన’, ‘వెనుదిరిగిన’ అని ఉంటే అక్షరాలు జాగా మారాయని అర్థం. అక్కడ మారేది నిండు అక్షరమే.

భాష బాగా తెలిసినవాళ్లకు అర్థమే అడ్డం పడిన సందర్భం చరిత్రలో ఒకటుంది. 1610లో గెలీలియో దుర్బిణిలో శనిగ్రహాన్ని చూశాడు. పక్కన రెండు గోళాలున్నట్టు కనిపించింది. ఆ సంగతిని బయటపెట్టకుండా, తనే ముందు చూశానని రుజువు మాత్రం ఉండేలా, లాటిన్ వాక్యంలోని 37 అక్షరాలనూ కలగాపులగం చేసి పంపాడు. ‘అన్నిటికంటే ఎత్తున ఉన్న గ్రహం మూడుగా ఉండటం చూశాను’ అన్నది ఆ వాక్యం. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ దాన్ని విప్పడానికి కూర్చున్నాడు. లాటిన్‌లో గ్రంథాలు రాసిన మనిషి. ఆయనకు దొరికింది వేరే వాక్యం, అంగారకుడి జంట సంతానానికి స్వాగతం చెప్పేది. అంగారకుడికి రెండు ఉపగ్రహాలు ఉండవచ్చని ఆయన అప్పటికే ఊహిస్తున్నాడు. మనసులో ఏముందో అక్షరాల్లోంచి అదే లేచి వచ్చింది. 1877లో అంగారకుడికి నిజంగానే రెండు ఉపగ్రహాలు కనిపించాయి. అది కేవలం కాకతాళీయం. గెలీలియో రాసిన మాట మాత్రం అది కాదు.

మా అమ్మాయికి జరిగిందీ ఇలాంటిదే. నెమ్మదిగా అడిగితే చెప్పింది: “నాకు ‘నెస్ట్’ కనిపించింది నాన్నా. ఇక ఏం చేసినా అది పోలేదు.” ‘నెస్ట్’ తీసేస్తే మిగిలేవి ఐ, ఎల్. అక్కడితో దారి మూసుకుపోతుంది. మొదట కనిపించిన మాట మిగతా మాటలను కప్పేస్తుంది. అందుకే బాగా ఆడేవాళ్లు చేత్తో బిళ్లలను కదుపుతూనే ఉంటారు. ఫోన్ ఆటల్లో ఉండే షఫుల్ బటన్ కూడా అందుకే. కాగితం మీదయితే అక్షరాలను గుండ్రంగా రాసుకోవడం మంచిది. గుండ్రంలో మొదలూ చివరా ఉండవు కాబట్టి పాత వరస పట్టు సడలుతుంది.

ఇక టెన్షన్ సంగతి. 1975లో హిరోటో, సెలిగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో కొందరిని ఆపలేని శబ్దానికి గురిచేశారు, కొందరికి అసలు జవాబే లేని సమస్యలు ఇచ్చారు. తర్వాత చెదిరిన అక్షరాల పదాలు ఇస్తే, వాళ్లు మిగతావారికంటే వెనకబడ్డారు. ఆ కాసేపట్లో ఎవరి పదసంపదా తగ్గిపోలేదు. మన చేతిలో ఏమీ లేదన్న భావన పట్టుకుంది, అంతే. గడియారం పెట్టి, పక్కవాళ్లు చేతులెత్తుతుంటే కూర్చున్న పిల్లకు ఆ భావన రావడానికి ఎంతసేపు పడుతుంది?

పదాలు వెతికే యాప్‌ల మీద నాకు కోపం లేదు. ఎదుటివాళ్లతో ఆడుతూ చాటుగా చూడటం మోసమే, అందులో చర్చ లేదు. ఒంటరిగా ఆడుకుంటూ, ప్రయత్నించాక చూస్తే మాత్రం అది మంచి గురువు. చిక్కు ఎక్కడంటే, యాప్ ఒక్క దెబ్బకు పెద్ద జాబితా ముందు పోస్తుంది. చదువుతాం, ‘ఓహో’ అనుకుంటాం, ఒక్కటీ మిగలదు. మేం ఇంట్లో వేరే పద్ధతి పెట్టుకున్నాం. జాబితాలో మాకు తెలిసి ఉండీ దొరకని పదం ఒక్కటే తీసుకుంటాం. అది ఎందుకు కనిపించలేదో మాట్లాడుకుంటాం. మొదటి అక్షరం అచ్చు కావడం వల్లనా, వేరే పదం అడ్డొచ్చిందా, చివర రావాల్సిన ఈ-ఆర్ జంటను విడగొట్టి చూశామా? ఆ పదాన్నే ఇంకోలా కలిపి మర్నాటికి పెట్టుకుంటాం.

టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ఈ ఆట ఆడించండి, పిల్లలకు ఇది నిజంగా ఇష్టం. గడియారం తీసేయండి. వచ్చిన జవాబులన్నీ ఒప్పుకోండి. పదసంపద గురించి రాయాలంటే పిల్లలు మాట్లాడింది విని, రాసింది చదివి రాయండి.

మొన్న ఆదివారం ఆ ఆరు అక్షరాలనే గుండ్రంగా రాసి తన ముందు పెట్టాను. గడియారం లేదు. ‘లిజన్’ వెంటనే చెప్పింది, ‘సైలెంట్’ ఆ తర్వాత. కాగితాన్ని ఒకటికి రెండుసార్లు తిప్పి, టీ-ఐ-ఎన్ దగ్గర వేలు పెట్టి ఆగింది. “టిన్సెల్ అనే మాట ఉందా నాన్నా? ఉన్నట్టే అనిపిస్తోంది” అంది. అర్థం తనకు తెలియదు. డిక్షనరీ తీసుకొచ్చి టీ పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.