చలికాలంలో కొమో సరస్సుకా? వరెన్నా ఒక్కటీ చూసి రండి

ఇటలీలో మిలాన్ వెళ్ళేవాళ్ళకి వాట్సాప్‌లో చేతులు మారే ప్లాన్ ఒకటుంది, కొమో సరస్సు ఒడ్డు ఊళ్ళు మూడూ ఒక్కరోజులో: పొద్దున కొమో, మధ్యాహ్నం బెల్లాజో, సాయంత్రం వరెన్నా, రాత్రికి వెనక్కి. జూలైలో తొమ్మిదిదాకా వెలుతురుంటుంది, ఎలాగో గట్టెక్కుతారు. డిసెంబరులో ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది, పడవలు బాగా తగ్గిపోతాయి. అప్పుడు కూడా అదే ప్లాన్ పట్టుకెళ్ళి, "అన్నీ మూసేశారు, దండగ" అని రివ్యూలు పెడితే ఎలాగండీ?

చలికాలానికి వరెన్నా ఒక్కటి చాలు. మిలాన్ పెద్ద స్టేషన్ మిలానో సెంత్రాలేలో తిరానో వైపు వెళ్ళే రీజినల్ రైలెక్కితే గంటకి కాస్త అటూ ఇటూగా దిగిపోతారు. స్టేషన్ బోర్డు మీద వరెన్నా-ఎసినో-పెర్లెదో అని ఉంటుంది, కంగారు పడొద్దు. కూర్చునేది ఎడమవైపు. లెక్కో ఊరు దాటాక సరస్సంతా అటే. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా ఫైనే. రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళకో ముక్క: 1902లోనే ఈ లైన్లో త్రీ-ఫేజ్ కరెంటుతో రైళ్ళు నడిపారు, హంగరీ ఇంజనీరు కాల్మాన్ కాందో పనితనం అది.

ఇక అందరూ తప్పేది ఎండ దగ్గర. వరెన్నా తూర్పు ఒడ్డున, కొండని ఆనుకుని ఉంది. పొద్దున ఎండ కొండ దాటి రావాలి కాబట్టి తొమ్మిదింటికే దిగితే నీడలో వణకడమే. పదకొండుకి చేరండి. మధ్యాహ్నం నుంచి ఎండ నీళ్ళ మీదుగా సూటిగా ఊరి ముఖాన పడుతుంది. పడవల రేవు నుంచి ఊళ్ళోకి నీటి అంచునే వెళ్ళే ఎర్ర రెయిలింగుల నడకదారి ఆ వేళకి వెచ్చగా ఉంటుంది. ఎదురొడ్డున మెనాజోలో దీనికి తలకిందులు. మెట్ల సందులు మాత్రం తడిస్తే జారతాయి, నున్నటి అడుగున్న బూట్లు వద్దు.

భోజనం పన్నెండు నుంచి రెండు లోపే. రెండున్నరకి వెళ్తే వంటగది కట్టేసి ఉంటుంది, మళ్ళీ తెరిచేది ఏడుకే. చలికాలంలో కొన్ని హోటళ్ళు వారాల తరబడి మూసేస్తారు, తక్కినవాటికి వారంలో ఒక సెలవు. ముందురోజు ఫోన్ చేసి అడగడం ఉత్తమం. బిల్లులో కొపెర్తో అని మనిషికి ఇంత పడితే మోసం అనుకోకండి, కూర్చున్నందుకు కట్టేది అది. తినాల్సింది మిస్సోల్తీని: సరస్సులో పట్టిన అగోనె చేపల్ని ఉప్పేసి, ఎండబెట్టి, బిర్యానీ ఆకు జాతి ఆకులతో పొరలు పొరలుగా డబ్బాలో అదిమి పెడతారు. కాల్చి, పొలెంతాతో వడ్డిస్తారు. పొలెంతా అంటే మన జొన్న సంకటికి మొక్కజొన్న చుట్టం. శాకాహారులు పిత్సోక్కెరి అడగండి: బక్‌వీట్ పాస్తా, క్యాబేజీ, బంగాళాదుంప, చీజు, వెల్లుల్లి వేసి కాచిన వెన్న. తేలిగ్గా అరిగే తిండేం కాదు.

మూసేవి కూడా ఉన్నాయి, దాచడమెందుకు. పైన వెట్సియో కోట చలికాలంలో తెరవరు. 1954లో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ పాఠాలు చెప్పిన పాత భవనం విల్లా మొనస్తెరోకి తెరిచే రోజులు తక్కువ, సైట్లో చూసుకునే బయల్దేరాలి. పక్కనే ఫియుమెలాత్తె ఉంది, పొడవు 250 మీటర్లే, డావిన్చీ తన నోట్సులో రాసుకున్న నది. వసంతం నుంచి అక్టోబరు దాకా తెల్లగా నురగలు కక్కుతుంది, చలికాలంలో ఎండిపోతుంది. నదికే ఆఫ్-సీజన్! దానికోసమే వెళ్ళేవాళ్ళు ఏప్రిల్‌లో వెళ్ళండి.

బెల్లాజో చూడకపోతే నిద్ర పట్టదంటారా, పడవలో పావుగంట. కానీ జనవరిలో అక్కడ షట్టర్లు ఎక్కువ, మనుషులు తక్కువ. దిగగానే వెనక్కొచ్చే ఆఖరి పడవ టైము ఫోటో తీసుకోండి.

బయల్దేరే ముందురోజు షోపెరో ఉందేమో చూడండి, అంటే రైలు సమ్మె. శుక్రవారాలు ఎక్కువగా పెడుతుంటారు. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్ళు నడపక తప్పదు, తిరుగు ప్రయాణం ఆ వేళకే పెట్టుకోండి.