బంజరంటే ఖాళీ నేల కాదు

ఉదయగిరి, వింజమూరు, సీతారామపురం మెట్టలో ఎండకు కొదవ లేదు. సౌర విద్యుత్తుకు పెద్దపీట వేస్తూ రాష్ట్రం 2024లో కొత్త ఇంధన విధానం తెచ్చింది. మంచిదే. కృష్ణపట్నం థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిద చూస్తున్న నెల్లూరు జిల్లాకు దాని అవసరం వేరే చెప్పనక్కర్లేదు. మా అభ్యంతరం సోలార్ పార్కు మీద కాదు, దాన్ని కట్టే తీరు మీద.

మెగావాట్‌కు 4 నుంచి 5 ఎకరాలు కావాలి. అంత నేల అనగానే అధికారుల చూపు ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో బంజరు, పోరంబోకు అని రాసిన చోటికి పోతుంది. ఎండాకాలంలో అక్కడ నాలుగడుగులు వేసి చూడండి. తీతువు పిట్ట గూడు కట్టదు. గులకరాళ్ల నడుమ చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చల మచ్చలుగా ఉండే ఆ గుడ్లు రాళ్లలో కలిసిపోతాయి. పక్కనే నిలబడ్డా కనబడవు, ఇక డోజరు మీద కూర్చున్న మనిషికేం కనబడతాయి? అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది పొరుగునున్న కడప జిల్లాలో, ఇలాంటి ముళ్లపొదల్లోనే. దాన్ని మొదట లోకానికి చెప్పిన జెర్డాన్ నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినవాడే.

సౌర ఫలకాల ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అందుకే షరతులు టెండరులోనే ఉండాలి. స్థలం ఖరారుకు ముందు ఎండలూ వానలూ కలిపి ఏడాదంతా జీవజాతుల సర్వే జరగాలి. నేలంతా చదును చేయకుండా స్తంభాలు పాతే చోటే తవ్వాలి. వాగులు, వంకలు, కుంటల జోలికి పోకూడదు. కుందేలు, ముంగిస, ఉడుము దూరేలా కంచె అడుగున జానెడు సందు వదలాలి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం తేనెటీగలకు పనికొచ్చే మొక్కలు పెంచే సోలార్ పార్కుల కోసం 2016లోనే చట్టం చేసింది. మనకు గరికా, నాటు గడ్డీ చాలు.

ఆ గడ్డి ప్యానెళ్లకు నీడ కొట్టకుండా ఎవరు కోయాలి? కలుపు మందు మాత్రం కొట్టొద్దు. మన నెల్లూరు గొర్రెలున్నాయి. మేకలైతే ప్యానెళ్లెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. గొర్రెలతో ఆ బెడద తక్కువ. కంచె వేయకముందు అక్కడ మంద మేపుకున్న కుటుంబాలకే, కంచె పడ్డాక కూడా లోపల మేపుకునే హక్కు రాసివ్వాలి. నోటిమాటగా కాదు, కంపెనీతో చేసుకునే ఒప్పందంలోనే.