వడ్లకు తేమ మిషను, మాకు సేటు కన్ను

నల్లగొండ జిల్లాలో వడ్లు అమ్ముకోవడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. ఐకేపీ సెంటర్లో కుప్ప పోసిన దగ్గర నుంచి మిషను పెట్టి తేమ చూస్తారు, 17 శాతం దాటితే ఇంకో రెండు రోజులు ఎండబెట్టుకోమంటారు, తాలు ఎంత, మట్టి ఎంత అని చూస్తారు, బస్తాను కాంటా మీద పెడతారు, చివరికి తరుగు పేరుతో కోత పెడతారు. అది వేరే ఏడుపు. కానీ కోసేది కూడా కొలిచే కోస్తారు. అదే వడ్లకు నాట్లు వేసి కలుపు తీసిన ఆడమనిషి బజారుకు వచ్చి ఒక బ్రా కొనుక్కోవాలంటే మాత్రం మిషను లేదు, కాంటా లేదు, టేపు కూడా లేదు. మ్యాచింగ్ సెంటర్ సేటు ఒక్కసారి తలెత్తి చూస్తాడు. అర సెకను. "ముప్పై ఆరు" అంటాడు. అయిపోయింది.

ఆ కంటి మహిమ మామూలుది కాదు. చున్నీ కప్పుకున్నా, చలికాలం స్వెటర్ వేసుకున్నా, చంకలో పిల్లాడున్నా, ఆ చూపు అన్నిటినీ దాటుకుని పోయి అంకెతో తిరిగి వస్తుంది. ఇంత ప్రతిభను ప్రభుత్వం వాడుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంది. మా ఊళ్ళలో అర గుంట గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరిగి ముసలివాళ్ళవుతున్నారు. సర్వేయర్ ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. ఈ సేటును తీసుకుపోయి గట్టు మీద నిలబెడితే అర సెకన్లో "ఎకరం పన్నెండు గుంటలు" అని చెప్పేస్తాడు. తప్పే చెప్తాడు, కానీ ఎంత తొందరగా చెప్తాడు!

పోయిన నెల నేను ఆ దర్శనానికి వెళ్ళాను. మ్యాచింగ్ సెంటర్ అంటే తెలుసుగా, ముందు జాకెట్ ముక్కలు, ఫాల్స్, లంగాలు, పిన్నీసులు, వెనక గోడకు అట్ట డబ్బాలు. అక్కడ అడగడానికి ఒక పద్ధతి ఉంది. ముందు అవసరం లేని ఫాల్ ఒకటి కొనాలి. లుంగీ అడిగే ఆయన బయటికి పోయేదాకా ఆగాలి. అప్పుడు కూడా ఆ మాట అనకూడదు. మా అమ్మ తరం వాళ్ళే నయం, "బాడీ ఇయ్యి" అని తేల్చేసేవాళ్ళు. చదువుకున్నాక మా నోట్లోంచి ఆ పేరు కూడా పోయింది. నా ముందున్న ఆమె "అన్నా, గవి ఉన్నయా" అంది. "ఏవి?" అన్నాడు సేటు. "గవే." "ఆ, గవా, ఉన్నయ్ ఉన్నయ్." రెండు దేశాల గూఢచారులు కూడా ఇంత జాగ్రత్తగా మాట్లాడుకోరు.

నా వంతు వచ్చింది. కన్ను వచ్చింది, పోయింది. ముప్పై ఆరు. కౌంటర్ మీద మూడు డబ్బాలు పడ్డాయి: నలుపు, తెలుపు, స్కిన్ కలర్. ఆ రంగు చర్మం ఉన్న మనిషిని ఈ నల్లగొండ ఎండలో నేను ఇంతవరకు చూడలేదు, అది వదిలేయండి.

"కప్పు సైజు ఏదన్నా?" అన్నాను.

"కప్పా?" టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ఎన్ని అంగుళాలని అడిగినట్టు చూశాడు. "నార్మల్ కప్పే అక్కా."

"అంటే బీయా, సీయా, డీయా?"

"గవన్నీ ఏం లేవక్కా. అందరికీ వస్తది. సాగుతది."

"బిగుతైతే?"

"వాడంగ వాడంగ సాగుతది."

"వదులైతే?"

"ఉతికితే దగ్గర పడుతది."

ఒకే గుడ్డ, ఒకే రబ్బరు, ఒకే కంపెనీ. కొనే ఆడమనిషి ఏ బాధ చెప్పుకుంటే ఆ వైపు తిరుగుతుంది. బిగుతంటే సాగుతుంది, వదులంటే ముడుచుకుంటుంది. చేనేత మీద పరిశోధనలు చేసేవాళ్ళు పోచంపల్లి దాకా పోనక్కర్లేదు, ఈ కౌంటర్ దగ్గర ఆగితే చాలు.

"వేసుకుని చూస్తానన్నా" అన్నాను. షాపు ఆగిపోయింది. జరీ అంచు కత్తిరిస్తున్న కుర్రాడి కత్తెర గాల్లోనే ఉండిపోయింది. "గది ట్రయల్ ఉండదక్కా, లేడీస్ ఐటం. రిటన్ కూడా లేదు" అన్నాడు సేటు, చాలా మర్యాదగా. తర్వాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, ఆ కవర్ను ఇంకో కవర్లో పెట్టి ఇచ్చాడు. పక్కనే ఉన్న వైన్సులో సీసాను ఊరికే చేతికిచ్చి పంపిస్తారు.

రోడ్డు దాటి మా అత్తమ్మతో చీరల షాపుకు వెళ్ళాం. తెల్ల పరుపు మీద కూర్చోబెట్టారు, చల్లటి నీళ్ళు ఇచ్చారు, చాయ్ తెప్పించారు. గద్వాల చీరలు ఇరవై విప్పి పరిచారు, నూలు ఒళ్ళుకు పట్టు అంచు ఎలా కలిపారో తిప్పి చూపించారు, అద్దం ముందు నిలబెట్టి భుజం మీద వేసి కుచ్చిళ్ళు పెట్టారు. గంటన్నర. మా అత్తమ్మ ఏదీ కొనలేదు, "మళ్ళా రాండమ్మా" అని గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. ఐదున్నర మీటర్ల చీర, లావుగా ఉన్నా సన్నగా ఉన్నా చుట్టుకుంటే సరిపోయే చీర, దానికేమో అద్దం, పరుపు, చాయ్. అంగుళం అటూ ఇటూ అయితే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒరుసుకుపోయే దానికి మాత్రం కన్ను.

పైగా మనం కొలతలు తెలియని వాళ్ళం కూడా కాదు. జాకెట్ కుట్టించాలంటే ఆది జాకెట్ పట్టుకుపోతాం, అయినా టైలరక్క మళ్ళీ చెస్ట్, నడుము, భుజం, చంక, ముందు మెడ, వెనక మెడ, చెయ్యి లూజు అన్నీ కొలిచి పుస్తకంలో రాసుకుంటుంది. చంక దగ్గర అరంగుళం వదులొస్తే పెళ్ళింట్లోంచి ఫోన్ చేసి కొట్లాడతాం. ఆ జాకెట్ కింద ఏముందో దాని సంగతి మాత్రం సేటుకు వదిలేశాం.

ఇంటికొచ్చి తలుపేసుకుని టేపు తీశాను. రొమ్ము కింద, పక్కటెముకల చుట్టూ, ఊపిరి వదిలి టేపు బిగించి కొలిస్తే 32. రొమ్ము నిండుగా ఉన్న చోట వదులుగా కొలిస్తే 36. మొదటిది పట్టీ సైజు, రెండిటి తేడా కప్పు. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండైతే బీ, మూడైతే సీ, నాలుగైతే డీ. అంటే నేను 32 డీ. పదిహేనేళ్ళుగా సేటు ఇస్తున్నది 36, దాని మీద అక్షరం ఉన్న రోజున అది బీ. తమాషా ఏమిటంటే 36 బీలో కప్పు ఎంత పడుతుందో 32 డీలో కూడా అంతే పడుతుంది. అందుకే ముందు నుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, సేటు గెలిచేది అక్కడే. వెనక పట్టీ మాత్రం 36 ఒంటికి కుట్టింది. నా ఒళ్ళు 32. అది పొద్దున నడుం పైన మొదలై మధ్యాహ్నానికి మెడ వైపు ఎక్కుతుంది. బరువు మోయాల్సింది ఆ పట్టీ. అది మోయకపోతే బరువంతా భుజాల మీద సన్న పట్టీలకు పడుతుంది, అవి కోసుకుపోతే మనం ఇంకా బిగిస్తాం, బిగిస్తే వెనకది ఇంకా పైకి పోతుంది. కొత్తది చివరి కొక్కెంలో, అంటే అన్నిటికన్నా వదులు కొక్కెంలో సరిపోవాలట, రబ్బరు సాగే కొద్దీ లోపలికి జరుపుకోవడానికే మిగతావి. నేను కొన్న రోజే లోపలి కొక్కెం పెట్టేదాన్ని. భుజాల మీద ఆ గాట్లు హ్యాండ్‌బ్యాగు వల్ల వచ్చాయనుకుని బ్యాగులు మూడు మార్చాను.

డీ అని చెప్తే మా వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "డీ అంటే చానా పెద్దగ కదా?" ముందు అంకె చెప్పకుండా డీ అంటే ఏమీ లేదు, 28 డీ వేరు, 40 డీ వేరు. ఇదేమన్నా కొత్త సంగతా అంటే అదీ కాదు. మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే అమెరికా ఆమె బ్రాకు పేటెంట్ తీసుకున్నది 1914లో. ఈ ఏ బీ సీ డీలు 1930లలోనే అక్కడ వచ్చేశాయి. హైదరాబాద్ దాకా కూడా వచ్చాయి. తర్వాత పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆపేసినట్టున్నారు, ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవేమో.

మా అక్క బిడ్డ దేవరకొండ దగ్గర తొమ్మిదో తరగతి. ఖో-ఖోలో అది పరిగెత్తితే పట్టుకునేవాళ్ళు లేరు. ఈ ఏడు ఆటలు మానేసింది. పీఈటీ సారు "ఇంట్రెస్ట్ తగ్గిందమ్మా" అన్నాడట. సెలవులకొచ్చినప్పుడు నేను కొలిచాను: కింద 28, పైన 31. వేసుకున్నది 32. అక్కడి సేటు కూడా పైకొలత చూశాడు, దాని మీద ఇంకో అంగుళం కలిపాడు. "పెరిగే పిల్ల కదమ్మా, రెండేళ్ళు వస్తది" అన్నాడట. స్కూల్ యూనిఫాం అనుకున్నాడా? మడత విప్పి పొడుగు చేసుకోవడానికి? నాలుగంగుళాల వదులు. పరిగెత్తితే పట్టీ జారి మోచేతి దాకా వస్తుంది, కింది పట్టీ పైకెక్కుతుంది, గ్రౌండ్ చుట్టూ మగపిల్లలు. ఆ పిల్ల ఏం చేస్తుంది? చేతులు కట్టుకుని నిలబడింది. ఇంట్రెస్ట్ తగ్గలేదు సారూ, ఆ పిల్ల ఒంటిని కొలిచిన మనిషి ఒక్కరు లేరు. కన్నతల్లికి సిగ్గు, టీచరమ్మకు సిగ్గు, నాకు కూడా సిగ్గే, పదిహేనేళ్ళు తప్పు సైజు మోసినదాన్ని, ఆ పిల్లకు ఒక్క మాట చెప్పలేదు. కొనడానికి సిగ్గు, కొలవడానికి సిగ్గు, ఎండలో ఆరేయడానికి కూడా సిగ్గు. తువ్వాల కింద దాచి, సగం తడిది వేసుకుని, ఏప్రిల్లో రొమ్ము కింద చర్మం ఊడి వస్తుంటే పౌడర్ చల్లుకుంటాం కానీ తాడు మీద నలుగురికీ కనపడేలా ఆరేయం. ఈ సిగ్గంతా మా దగ్గరే ఎందుకుంది? ఆడపిల్ల ఛాతీ వైపు చూసి అందరి ముందు అంకె చెప్పే మనిషికి రవ్వంత లేదే!

చిన్నదాన్ని వెంటబెట్టుకుని మళ్ళీ అదే షాపుకు పోయాను. ఈసారి కంటికి అవకాశం ఇవ్వలేదు, చీటీ మీద "28 సీ" అని రాసి ఇచ్చాను. సేటు చీటీ చదివాడు, మందుల చీటీలా దూరం పెట్టి ఇంకోసారి చదివాడు. మెడ పైకెత్తి పై రూములో ఉన్న కుర్రాడికి వినపడేలా, అంటే క్లాక్ టవర్ దాకా వినపడేలా అరిచాడు.

"అరేయ్, ఇరవై ఎనిమిది సీ ఉందా?"

"లేదన్నా! ముప్పై బీ ఉంది, ఇయ్యన్నా?"

"గదే ఇయ్యి!"

నా గుండె ఆగినంత పనైంది. 28 సీ దొరక్కపోతే దాని పక్క సైజు నిజంగా 30 బీనే. కప్పు అంతే, పట్టీ కొంచెం వదులు, అంతే తేడా. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో, మొదటిసారి ఈ షాపులో ఒక సరైన మాట విన్నాను. "చిన్నమ్మా, దొరికింది" అని పిల్ల నా చెయ్యి పట్టుకుంది. డబ్బా కిందికి వచ్చింది. పైన 30 బీ అని అచ్చు వేసి ఉంది. మూత తీశాను. లోపల ఉన్నదాని పట్టీ మీద 34 అని ఉంది.

సేటుకు చూపించాను. డబ్బా చూశాడు, బ్రా చూశాడు, పిల్ల వైపు చూశాడు, అర సెకను.

"ఏం కాదక్కా" అన్నాడు. "ఉతికితే దగ్గర పడుతది."