అవునండీ, నాకు రాత్రిపూట సరిగ్గా కనపడదు. మరి మీకు?

నిన్న రాత్రి ఇల్లు చేరేసరికి రెండయింది. ఇంకా కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నాను. "రాత్రిపూట ఎందుకు బయల్దేరారు మేడం" అని ఎవరైనా కింద రాస్తే బ్లాక్ చేసేస్తాను, ముందే చెబుతున్నా.

నందిగామలో మా ఆడపడుచు కొడుకు రిసెప్షన్. కార్డు మీద సాయంత్రం 6:30 అని బంగారు అక్షరాలతో వేశారు. పిల్లాడూ పిల్లా స్టేజి ఎక్కింది 8:40కి. ఎందుకయ్యా అంటే డ్రోన్ వాడి బ్యాటరీ చార్జింగ్ అవ్వాలట! మూడొందల మంది ఒక బ్యాటరీ కోసం కూర్చున్నాం. పగలు పదింటికి పెట్టి, పప్పన్నం పెట్టి పంపిస్తే ఎవరి కొంపలకు వాళ్ళు వెలుతురుండగా చేరేవాళ్ళం కదా. అక్షింతలు వేసి, నిలబడే నాలుగు మెతుకులు తిని కారెక్కేసరికి పావుతక్కువ పది.

సూర్యాపేట దాటాం. 80లో పోతున్నాను. డివైడర్ మీద గన్నేరు చెట్లున్నంతసేపూ పరవాలేదు. అవి అందానికి పెంచారనుకుంటారు చాలామంది. ఎదుటి బండి లైటు మన కళ్ళల్లో పడకుండా కట్టిన తెర అండీ అది. యూటర్న్ కోసం డివైడర్ తెగిన చోట ఆ తెర ఉండదు. సరిగ్గా అక్కడే ఎదురయ్యాడు ఒక మహానుభావుడు. హైబీమ్ చాలదన్నట్టు బంపర్ మీద మూరెడు ఎల్ఈడీ బార్. రెండుసార్లు డిప్పర్ కొట్టాను. ఊహూ. అద్దమంతా తెల్లబడిపోయింది. వాడు దాటాక తెలుపు పోయి నలుపు మిగిలింది. ఆ నలుపులోంచి ముందు ఒక తాడు కనపడింది, తర్వాత పట్టా, తర్వాత పట్టా కింద నుంచి ఉబ్బుకొచ్చిన పత్తి. ట్రాక్టర్! వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ ముక్క కూడా లేదు. బ్రేకు మీద నిలబడ్డాను. ట్రాలీకీ మా బంపర్‌కీ మధ్య బారెడు జాగా మిగిలింది. 80లో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, మూడు సెకన్లు కళ్ళు పోతే 66 మీటర్లు దేవుడు నడిపినట్టే.

కుదుపుకు మా ఆయనకు మెలకువ వచ్చింది. లేస్తూనే అన్న మొదటి మాట: "అందుకే ఆడవాళ్ళకు రాత్రి డ్రైవింగ్ వద్దనేది."

లైట్లార్పని వాడి తప్పు లేదు. లైటే లేని వాడి తప్పు లేదు. నా తప్పు!

సరే, నా కళ్ళ సంగతి నేనే చెబుతా, దాచేదేముంది. నాకు 53. మూడు నెలల క్రితం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్షరాల బోర్డు చివరి వరుసదాకా గడగడా చదివేశాను. "మరి రాత్రిపూట ప్రతి లైటు చుట్టూ గుడిలో దేవుడి వెనక మకరతోరణంలా వెలుగు కనపడుతోంది డాక్టరుగారూ" అంటే, చుక్కలు వేసి చూసి శుక్లం మొదలైందన్నారు, ఇంకా ఆపరేషన్ దాకా రాలేదట. అంటే కంట్లో కటకం, అదే లెన్సు, ముదిరి పసుపెక్కుతుంది, అందులో పడ్డ వెలుతురు ఆవిరి పట్టిన అద్దం మీద పడ్డట్టు నలువైపులా చెదురుతుంది. పైగా వయసులో ఉన్నప్పుడు చీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకునే కంటిపాప ఇప్పుడు 5 దగ్గరే ఆగిపోతుందట. అంటే చీకట్లో లోపలికి వచ్చే వెలుతురు తక్కువ, వచ్చినదైనా చెదిరిపోయేది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు కావాలి. ఈ హైవే మీద నాకు 20 సెకన్లు ఎవడిస్తున్నాడు?

ఈ ముక్క ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం నేను చేసిన తప్పు. పొన్నగంటి కూర తినమని ముగ్గురు, మునగాకు అని ఇద్దరు, క్యారెట్ జ్యూస్ అని అమెరికా నుంచి ఒకరు. విటమిన్ ఏ తక్కువై వచ్చే రేచీకటికి అవి పనిచేస్తాయి, కాదనను. ముదిరిన కటకాన్ని క్యారెట్ ఏం చేస్తుందమ్మా? ఇంకొకరి మాట విని కళ్ళజోళ్ళ షాపులో పసుపు అద్దాలు కొన్నాను, 'నైట్ డ్రైవింగ్ స్పెషల్' అట, 1,500. పెట్టుకుంటే ఎదుటి లైటు కాస్త తగ్గినట్టే ఉంది. రోడ్డు పక్కన నల్ల గేదె కూడా తగ్గిపోయింది. అవి ఇప్పుడు ఉల్లిపాయలు కోయడానికి వాడుతున్నా.

ఆ గ్రూపులోనే మా మరిది సలహా: "వదినా, మీ కారువి గుడ్డి దీపాలు. నాలాగా ఎల్ఈడీ వేయించుకోండి." ఆయన పాత కారు రిఫ్లెక్టర్ హాలోజన్ బల్బు కోసం చేసింది. అందులో చైనా ఎల్ఈడీ దూర్చాడు. వెలుగు రోడ్డు మీద తప్ప అన్నిచోట్లా పడుతుంది, ఎదుటివాళ్ళ కళ్ళల్లో, చెట్లల్లో, రెండో అంతస్తు బాల్కనీల్లో. మా చిన్నప్పుడు లారీల హెడ్‌లైట్ల అద్దాల మధ్యలో నల్ల రంగు పూసేవాళ్ళు, ఎదుటివాడు కూడా మనిషేనని. ఇప్పుడు ఎదుటివాడికి కళ్ళు పోతేనే మనది మంచి బండి.

వెనక నుంచి కొట్టే లైటు ఇంకోటి. లోపలి అద్దం కింద చిన్న పుల్లలాంటిది ఉంటుంది, మనవైపు లాగితే వెనక లైటు మసకబారుతుంది. ఈ కారు కొని తొమ్మిదేళ్ళు. అదెందుకో మా ఆయనకు నిన్న రాత్రి దాకా తెలియదు. డాష్‌బోర్డు మీది వినాయకుడికి రోజూ వెలిగించే అగరబత్తి పొగ లోపలి వైపు అద్దానికి పొరలా పట్టి, ఆ పొర మీద లైట్లు ఇంకా పొంగుతాయని చెబితే "దేవుణ్ణి కూడా అంటావా" అన్నారు.

అసలు విషయానికి వస్తాను. రెండేళ్ళుగా చీకటి పడ్డాక ఆయన స్టీరింగ్ ముట్టుకోవడం లేదు. ఒకసారి నడుం నొప్పి, ఒకసారి "మాత్ర వేసుకున్నాను, నిద్రొస్తుంది", ఒకసారి "నీకూ ప్రాక్టీస్ కావాలి కదా". 2003లో నేను కారు నేర్చుకుంటానంటే "క్లచ్ కాల్చేస్తావు" అన్న మనిషికి నా ప్రాక్టీస్ మీద ఎంత శ్రద్ధో! నాకు తెలియదా? సినిమా హాల్లో లైట్లు తీసేశాక నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగుతారు. కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకునేలోపు కుర్చీలోంచి కదలరు. కళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే "నాకేమైంది?"

లైసెన్సు రెన్యువల్‌కి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఫారం 1లో ఒక ప్రశ్న, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు గుర్తుపట్టగలరా అని. పగటి వెలుతురులో! అక్కడే ఇంకో ప్రశ్న, రేచీకటి ఉందా అని. నేను పెన్ను పట్టుకుని ఆలోచిస్తున్నాను, ఆయన ఈలోపు 'లేదు' అని రాసి సంతకం పెట్టేశారు. 40 దాటినవాళ్ళకు మెడికల్ సర్టిఫికెట్ కావాలి కదా, దానికి ఒక డాక్టరుగారు తల ఎత్తి మా మొహాలు చూడకుండానే ముద్ర కొట్టారు. మా కళ్ళు ఆయనా చూడలేదు.

నిన్న నకిరేకల్ దగ్గర టీకి ఆపి తాళాలు ఆయన ముందు పెట్టాను. "ఆడవాళ్ళకు వద్దన్నారుగా, మీరు నడపండి." టీ ఊదుకుంటూ "నిద్రొస్తోందే" అన్నారు. సూర్యాపేట దాకా గురక పెట్టిన మనిషి!

పొద్దున్నే ఫోన్లో మా మరిదికి చెబుతున్నారు: "రాత్రి మీ వదిన ట్రాక్టర్‌ని గుద్దేసేదిరా, నేను అరిచాను కాబట్టి ఆగింది."

వచ్చే ఆదివారం ఖమ్మంలో ఇంకో రిసెప్షన్. రాత్రి 7 గంటలకట. ఆయన వేసుకోబోయే చొక్కా ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలించాను. కారు తాళాలు దాని జేబులో వేశాను. ఇంకా చూసుకోలేదు.