బృహన్నలది మారువేషం కాదు

విరాటపర్వాన్ని క్వీర్ నాటకంగా, అంటే ఆడ, మగ మూసల్లో ఇమడని వాళ్ళ నాటకంగా మలిచి, ప్రేక్షకులు గది గదికీ తిరుగుతూ చూసేలా ఒడిశాలోని బరంపురంలో ఆడాలంటే ముందు ఆహార్యం, అంటే వేషధారణ గురించే ఆలోచించాలి. పద్యనాటకంలో దూరం కాపాడుతుంది. ఇక్కడ ప్రేక్షకుడు మూరెడు దూరంలో నిలబడతాడు. పిన్నీసు, పిగిలిన కుట్టు, సవరం ముడి అన్నీ కనిపిస్తాయి.

ఆడవాళ్ళ రవికనే కాస్త వదులు చేసి మగ నటుడికి తొడిగితే చెయ్యెత్తగానే చంకలో పిగులుతుంది. చంక కింద నాలుగంగుళాల ముక్క ఐమూలగా వేసి, లోపల నూలు లైనింగ్ ఇవ్వాలి. ఎదకు దూది కుక్కడం మాత్రం వద్దే వద్దు. చూపు అక్కడే ఆగుతుంది, వెకిలి నవ్వూ అక్కడే పుడుతుంది. బృహన్నల పాత్రకు ట్రాన్స్ నటి దొరికితే, రవిక ఎలా ఉండాలో ఆమెనే అడగాలి.

చీర బరంపురం పట్టే కావాలి. దాని కుంభం అంచు, అంటే గుడి గోపురాల్లాంటి కోణాల అంచు, దగ్గరగా చూస్తేనే అందం. కానీ ఈ సముద్రపు ఉక్కలో పట్టు మీద చెమట మరక పడితే వదలదు. రవిక చంకల్లో ఊడదీసి ఉతుక్కునే ప్యాడ్లు పెట్టాలి. తడి తెల్లగుడ్డతో అంచును రుద్ది, రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి.

జమ్మిచెట్టు గదిలో చీర విప్పి అర్జునుణ్ణి బయటికి తీస్తే, బృహన్నలగా గడిపిన ఆ ఏడాదంతా దాగుడుమూతలే అయిపోతుంది. క్వీర్ నాటకానికి అంతకంటే ద్రోహం లేదు. భారతంలో అతను గాజులు తీసి, జుట్టును తెల్లగుడ్డతో బిగించుకుంటాడు. అంతే మార్చి, అదే చీరను ప్రేక్షకుల ముందే కచ్చ పోసి కట్టాలి. ఆరు గజాలది చాలదు, తొమ్మిది గజాలు కావాలని నేతవాళ్ళకు ముందే చెప్పాలి. శంఖు గాజులు ఒడిశాలో పెళ్ళైన ఆడవాళ్ళ గుర్తు. అవి తీసే క్షణానికి ఇక్కడ బరువెక్కువ. అసలు శంఖం వెడల్పు చేతి మీంచి లాగితే చిట్లుతుంది, మడతబందు పెట్టించాలి.

విరాటుడి కొలువుకు గంజాం జిల్లా సంప్రదాయ నాటకమైన ప్రహ్లాద నాటకం ఆడే మెట్ల వేదిక సరిగ్గా సరిపోతుంది. నడిచే దారి నాలుగడుగులకు తగ్గితే కుచ్చిళ్ళు తొక్కుతారు. చిన్న గదిలో వంద గజ్జెలు కడితే మాట వినపడదు, కాలికి పాతిక చాలు.

ఉత్తర తన బొమ్మలకు కౌరవుల వస్త్రాలు తెమ్మంటుంది కదా: ద్రోణ కృపులవి తెలుపు, కర్ణుడిది పసుపు, దుర్యోధన అశ్వత్థామలవి నీలం. ఆ గుడ్డల్ని ప్రేక్షకుల చేతే ఆమెకు ఇప్పించాలి. జానెడు ముక్కలు చాలు. అంచులు మడిచి కుట్టకపోతే పోగులు ఊడి గజ్జెలకు చుట్టుకుంటాయి.