వీపు మీద స్పానర్లు మోయకండి

"ఆఫ్ రోడ్ రైడ్‌కి ఆరు బంగారు సూత్రాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. నిన్న రాత్రి మా బామ్మర్ది కూడా పంపాడు. "బావా, బాగుంది కదా" అని కింద రాశాడు. వాడు పోయిన నెలే హీరో ఎక్స్‌పల్స్ బండి కొన్నాడు. బాగాలేదురా. ఫోన్లో చెబితే సరిపోయేదే కానీ, వానలు మొదలయ్యాక ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ అంచున అప్పా జంక్షన్ దాటి వికారాబాద్ దగ్గరి అనంతగిరి వైపు పోయే బండ్లు చూస్తున్నాను. సగం మంది వీపున ఉబ్బిన బ్యాగులే. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు చిన్నవి తేల్చేస్తాను. "బంగీ తాళ్లు రెండుంటే ఏ సామానైనా కదలదు" అట. గతుకుల్లో రబ్బరు సాగుతుంది, సామాను ఎగిరిన ప్రతిసారీ హుక్కు కొంచెం జారుతుంది. ఊడిన తాడు చైన్‌లోకో చక్రంలోకో పోతుంది. సాగని నైలాన్ బెల్టు, బకిల్ ఉన్నది, వాడండి. "బరువైనవన్నీ టాప్ బాక్సులో వేయండి" అన్నది ఇంకొకటి. ఆ బాక్సు ఉండేది సీటు కన్నా పైన, వెనక చక్రం ఇరుసుకు కూడా వెనక. అక్కడ బరువు పెడితే మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. అందులో రెయిన్‌కోటు, తిండి పెట్టుకోండి, చాలు.

"పంక్చర్‌కి స్ట్రిప్ కిట్ ఒక్కటి చాలు, పది నిమిషాల పని." ఏ బండికి? టైరు రంధ్రంలో రబ్బరు పట్టీ గుచ్చి మూసే ఆ కిట్ ట్యూబు లేని టైర్లకు. ఎక్స్‌పల్స్ 200కి, పాత హిమాలయన్ 411కి ఉన్నవి స్పోక్ చక్రాలు, లోపల ట్యూబులు. మన గ్రూపుల్లో ఎక్కువ మందివి ఈ బండ్లే. స్ట్రిప్ టైరులోని రంధ్రాన్ని మూస్తుంది, ట్యూబుని కాదు. గాలి పోతూనే ఉంటుంది. మీకు కావలసినవి టైర్ లివర్లు (టైరుని రిమ్ నుంచి ఊడదీసే ఇనుప పట్టీలు), ప్యాచ్‌లు, సొల్యూషన్, పంపు, ఒక స్పేర్ ట్యూబు. ఒక్కటే పట్టేటట్టుంటే 21 అంగుళాల ముందు చక్రం ట్యూబు పెట్టుకోండి. అవసరానికి వెనక టైరులో కూడా కుక్కి ఇంటికి చేరుకోవచ్చు. వెనకది ముందు చక్రానికి అలా పనికిరాదు. వెనక యాక్సిల్ నట్‌కి ఏ సైజు స్పానర్ పడుతుందో ఇంటి దగ్గరే చూసుకోండి, కంపెనీ ఇచ్చిన కిట్‌లో అది ఉందో లేదో కూడా. ఎక్స్‌పల్స్‌కి సెంటర్ స్టాండ్ రాదు, కాబట్టి బండిని దేని మీద ఆనించి చక్రం లేపాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాలి. సిటీలో సందుకో పంక్చర్ షాపు ఉంటుంది. తాండూరు వైపు రేగడి చేల మధ్య మడ్‌గార్డ్ నిండా మట్టి కూరుకుపోయి నిలబడ్డప్పుడు ఉండదు. అక్కడ ఈ స్ట్రిప్ కిట్‌తో ఏం చేయమంటారు?

"లీటరు పెట్రోల్ వాటర్ బాటిల్లో పోసి బ్యాగులో ఉంచుకోండి." ఇది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. ఎక్స్‌పల్స్ ట్యాంకు 13 లీటర్లు, వికారాబాద్ పోయి రావడం 150 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇంకో లీటరు దేనికి? ఎండకు వేడెక్కిన పల్చటి సీసాలో పెట్రోల్ ఆవిరి ఉబ్బుతుంది, మూత దగ్గర కారుతుంది. పక్కనే ఇనుప టూల్స్ రాసుకుంటూ ఉంటాయి. ఆ బ్యాగు మీ వీపున ఉంటుంది. మీటరు పొడవు పైపు ముక్క ఒకటి సీటు కింద పెట్టుకోండి, అవసరమైతే పక్క బండి ట్యాంకు నుంచి తీసుకోవచ్చు. ఒంటరిగా పోయేవాళ్లు బయల్దేరే ముందే ట్యాంకు నింపుకోండి.

ఇప్పుడు అసలుది. మెసేజ్‌లో ఇదే మొదటి సూత్రం: "టూల్స్ అన్నీ బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకోండి. బండి తేలిగ్గా ఉంటుంది. పడితే బ్యాగే కుషన్‌లా వీపుని కాపాడుతుంది."

రెండేళ్ల కిందట కోట్‌పల్లి రిజర్వాయర్ దగ్గరి మట్టిబాటలో మా స్నేహితుడు నా ముందే జారి పడ్డాడు. స్పీడు 20 కూడా లేదు. తడిసిన ఎర్రమట్టి మీద వెనక చక్రం పక్కకు పోయింది, వాడు వెల్లకిలా పడ్డాడు. బ్యాగులో రెండు టైర్ లివర్లు, పెద్ద రింగ్ స్పానర్, చేతి పంపు. ఊపిరి అందక కాసేపు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. జాకెట్ విప్పి చూస్తే వెన్నెముకకు ఎడమ పక్కన లివర్ ఆకారం అచ్చు గుద్దినట్టు ఉంది. కొసన దాని వంపు కూడా తెలుస్తోంది. సాయంత్రానికి అది నల్లబడింది. ఎముక విరగలేదు, కానీ మూడు వారాలు బోర్లా పడుకున్నాడు. అర అంగుళం ఇటు జరిగి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలచుకోలేను.

కుషన్ అంటే దెబ్బను వెడల్పుగా పంచేది. వీపు ప్రొటెక్టర్ చేసే పని అదే, దానికి ఈఎన్ 1621-2 అని యూరప్ ప్రమాణం ఉంది, దెబ్బ కొట్టి ఎంత బలం ఇవతలికి వస్తుందో కొలుస్తారు. స్పానర్ దీనికి పూర్తిగా రివర్స్. మీ ఒంటి బరువు, పడిన వేగం అంతా తెచ్చి ఒక్క చోట గుచ్చుతుంది. ఈ సూత్రం రాసినవాళ్లు ఒక్కసారైనా స్పానర్ల మీద వెల్లకిలా పడి ఉంటే ఆ కుషన్ అనే మాట రాసేవాళ్లు కాదు.

ఇక బండి తేలికవడం గురించి. నాలుగు కిలోల టూల్స్ వీపున వేసుకుంటే అవి బండి దిగిపోయాయా? మీతో పాటు బండే మోస్తోంది, కాకపోతే ఇంకా ఎత్తు నుంచి. నిలబడి నడిపేటప్పుడు బ్యాగు వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటారు, గంటలో చేతులు మొద్దుబారతాయి. ఆ తర్వాతే పడతారు.

నేను రాణీగంజ్‌లో నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, ఒక పక్కకు మూసే క్యాప్, రెండో పక్కకు మరతో తిరిగే క్యాప్ కొన్నాను. దాన్ని ఇంజిన్ ముందు క్రాష్ గార్డ్‌కి, సైలెన్సర్ వేడి తగలనంత దూరంలో, క్లాంపులతో బిగించాను. టూల్స్‌ని పాత ట్యూబు ముక్కల్లో చుట్టి అందులో పెడతాను. చప్పుడు రాదు, నీళ్లు పోవు, బరువు కిందా ముందూ ఉంటుంది. రేసుల్లో నడుముకు టూల్స్ సంచి కట్టుకునేవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. వాళ్ల బండ్లకు ఇవన్నీ బిగించే చోటే ఉండదు. మన బండ్లకు ఉంది.

ఇన్ని తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఆరో సూత్రం: "ఫోను, మందులు, ఐడీ కార్డు బండిలో వద్దు, ఒంటి మీదే ఉంచుకోండి." ఇది సరైన మాట. బండి లోయలోకి జారి మీరు గట్టు మీద మిగిలితే పనికొచ్చేవి ఇవే. నా ఫోను ఇన్నాళ్లూ హ్యాండిల్ మీదే ఉండేది, బ్లడ్ గ్రూప్ రాసిన కార్డు సీటు కింద ఉండేది. ఈ మెసేజ్ చదివాక రెండూ జాకెట్ లోపలి జేబులోకి మార్చాను. వీపున బ్యాగు వేసుకోవాలంటే నీళ్లు, ఒక స్వెటర్ లాంటి మెత్తటివి వేసుకోండి.

బామ్మర్దీ, ఆదివారం రైడ్ వద్దు. పొద్దున ఏడింటికి బండి తీసుకుని మా ఇంటికి రా, నీ వెనక చక్రం విప్పుదాం. టైరు అంచుని ఒక పక్క మోకాలితో రిమ్ మధ్య గాడిలోకి తొక్కిపెడితే రెండో పక్క లివర్ ఎంత సులువుగా పోతుందో, తిరిగి ఎక్కించే ముందు ట్యూబులో కొంచెం గాలి ఎందుకు కొట్టాలో నీ చేత్తో నువ్వే చూద్దువు. ఈ గ్రూపులో ఇంకెవరైనా రావాలనుకుంటే మీ లివర్లు మీరు తెచ్చుకోండి. పంపు నా దగ్గర ఉంది.